డెడ్ బై డేలైట్: ఎందుకు చచ్చాడో కొత్తవాడికి తెలియని ఆట

దసరా సెలవులకి మా ఇంటికొచ్చిన పిన్ని కొడుకు మొదటిసారి 'డెడ్ బై డేలైట్' ఆడాడు. మూడున్నర నిమిషాల్లో చచ్చిపోయాడు. హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టి, "అన్నా, నేనేం తప్పు చేశా?" అని అడిగాడు. వాడు ఫోన్లో షూటింగ్ ఆటలు ఏళ్ల తరబడి ఆడినవాడు. చేతివేగంలో నాకంటే నాలుగాకులు ఎక్కువే చదివాడు. అయినా ఆ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పడానికి నాకు అరగంట పట్టింది. మూడున్నర నిమిషాల ఆటకి అరగంట వివరణ!

ఈ ఆట కొత్తవాళ్లకు మరీ కష్టమా అనే వాదన ఆడేవాళ్ల మధ్య తెగదు, ముడిపడదు. పాతవాళ్లు "మేమూ తన్నులు తినే నేర్చుకున్నాం" అంటారు. కొత్తవాళ్లు రెండు వారాలు ఆడి కంప్యూటర్లోంచి తీసేస్తారు. ఇద్దరూ 'కష్టం' అనే మాటే వాడుతున్నారు గానీ, ఆ ఇద్దరి కష్టాలూ ఒకటి కాదని నా అనుమానం.

ముందు ఆట సంగతి చెప్పాలి. కెనడాలో మాంట్రియల్‌కు చెందిన బిహేవియర్ ఇంటరాక్టివ్ అనే సంస్థ 2016 జూన్‌లో దీన్ని విడుదల చేసింది. ఒక్కో మ్యాచ్‌లో ఐదుగురు ఉంటారు. ఒకరు కిల్లర్, నలుగురు సర్వైవర్లు. ఏడు జనరేటర్లలో ఐదింటిని సర్వైవర్లు బాగుచేస్తే బయటి గేట్లకు కరెంటు వస్తుంది, తెరుచుకుని పారిపోవచ్చు. ఈలోగా కిల్లర్ వాళ్లను వెంటాడి, కొట్టి పడేసి, భుజాన వేసుకెళ్లి ఇనుప హుక్కుకు తగిలిస్తాడు. తోటివాళ్లు వచ్చి విడిపించవచ్చు గానీ, మూడోసారి హుక్కెక్కితే కథ ముగిసినట్టే. చిన్నప్పుడు దాగుడుమూతలు ఆడిన ఎవరికైనా రెండు నిమిషాల్లో అర్థమవుతుంది.

మీటలు కూడా ఎక్కువేం లేవు. పరిగెత్తడం, వంగి నడవడం, ఒక మీట నొక్కిపట్టి జనరేటర్ బాగుచేయడం, మధ్యమధ్య గుండ్రంగా తిరిగే ముల్లు సరైన చోటికి రాగానే ఇంకో మీట కొట్టడం. సర్వైవర్‌కు తుపాకీ లేదు, గురి చూసే పని లేదు. మా వాడి చేతులకి ఇది పిల్లాట.

మరి ఎందుకు పోయాడు?

జనరేటర్ దగ్గర కూర్చున్నాడు. గుండె చప్పుడు వినిపించింది. కిల్లర్ దగ్గరికొచ్చేకొద్దీ సర్వైవర్‌కు ఈ దడ వినిపిస్తుంది. చాలామంది కిల్లర్లకు దాని పరిధి 32 మీటర్లు. వాడు బెదిరి పరుగు తీసి, ఓ గోడ వెనక నక్కాడు. కిల్లర్ ఎక్కడా వెతక్కుండా నేరుగా అక్కడికే వచ్చాడు. "వీడు చీటింగ్ అన్నా" అన్నాడు మావాడు. చీటింగ్ కాదు. పరిగెత్తే సర్వైవర్ వెనక నేల మీద, గోడల మీద ఎర్రటి గీతలు పడి కాసేపు ఉంటాయి. అవి కిల్లర్‌కే కనిపిస్తాయి. నడిచి వెళ్తే పడవు. దడ వినగానే పరిగెత్తడం మనిషన్నవాడు ఎవడైనా చేసే పని. ఆ పనే వాడి చిరునామా రాసిచ్చింది.

హుక్కెక్కాక, తప్పించుకోవడానికి ప్రయత్నించమంటూ తెర మీద ఒక మీట కనిపించింది. మూడుసార్లు నొక్కాడు. అప్పట్లో ఒక్కో ప్రయత్నం ఫలించే అవకాశం 4 శాతమే. అంటే మూడూ కలిపినా తొమ్మిదింట ఒకసారి లాంటి లాటరీ. ఓడిన ప్రతిసారీ హుక్కు మీద మిగిలిన సమయం కోసుకుపోతుంది. మూడూ పోయేసరికి వాడు మొదటి దశ దాటి రెండో దశలోకి జారాడు, అంటే రెండోసారి హుక్కెక్కినంత పనైంది. తర్వాత ఎవరో పుణ్యాత్ములు విడిపించారు. మళ్లీ దొరికాడు. ఈసారి నేరుగా పైకే. "మూడుసార్లన్నావుగా, రెండోసారికే ఎలా పోయాను?" అని వాడి రెండో ప్రశ్న. మధ్యలో ఒక ప్రాణాన్ని వాడే తన చేత్తో ఖర్చు పెట్టేశాడని వాడికి చెప్పినవాళ్లు లేరు.

ఇందులో చేతి తప్పు ఒక్కటీ లేదు. అన్నీ తెలియనితనం వల్ల జరిగినవే. చదరంగంలో కొత్తవాడు ఓడితే ఏ పావు తనను చంపిందో బల్ల మీద కనిపిస్తూనే ఉంటుంది. ఇక్కడ చంపిన పావు సగంసార్లు కనిపించదు. నా దృష్టిలో ఈ ఆట అసలు కష్టం ఇదే. ఓడిపోవడం మామూలే, ఎందుకు ఓడామో తెలియకపోతే రేపు ఏం మార్చుకోవాలో కూడా తెలియదు.

సెకన్ల వ్యాపారం

ఇక పరుగు గురించి. కిల్లర్లలో ఎక్కువమంది వేగం సెకనుకు 4.6 మీటర్లు, సర్వైవర్ వేగం 4 మీటర్లు. 12 మీటర్లు ముందున్నా సరే, తిన్నగా పరిగెత్తితే 20 సెకన్లలో దొరికిపోతారు. అందుకే పాతవాళ్లు తిన్నగా పరిగెత్తరు. గోడ చుట్టూ, కిటికీ మీంచి, అడ్డంగా పడేయగల చెక్క ప్యాలెట్ చుట్టూ కిల్లర్‌ను గానుగెద్దులా తిప్పుతారు. లూప్ చేయడం అంటారు దీన్ని. సర్వైవర్‌కు కెమెరా తన వీపు వెనక ఉంటుంది కాబట్టి గోడ అవతల కిల్లర్ ఎటు తిరిగాడో చూడగలడు. కిల్లర్‌కు తన కళ్లెదుట ఉన్నదే కనిపిస్తుంది. వేగం వాడిది, చూపు వీడిది.

ఇంతకీ ఎందుకు తిప్పడం? కబడ్డీలో చివరి నిమిషాల్లో ముందంజలో ఉన్న జట్టు కూతకెళ్లి, పాయింటు జోలికి పోకుండా టైము తినేసి వస్తుంది చూడండి, అచ్చం అందుకే. ఒక జనరేటర్‌ను ఒక్కరే బాగుచేస్తే 90 సెకన్లు పడుతుంది. 2022 దాకా 80 ఉండేది. ఒకరు కిల్లర్‌ను 90 సెకన్లు తిప్పగలిగితే, మిగతా ముగ్గురూ తలో జనరేటర్ దగ్గర ఉంటే, మూడు పూర్తవుతాయి. ఆ తర్వాత వాడు దొరికినా, చచ్చినా, జట్టు దాదాపు గెలిచినట్టే. కొత్తవాడికి దొరకడమంటే ఓటమి. పాతవాడు మాత్రం ఎన్ని సెకన్లకి అమ్ముడుపోయానా అని లెక్క చూసుకుంటాడు. ఇద్దరూ ఒకే మ్యాచ్‌లో వేర్వేరు ఆటలు ఆడుతున్నారన్నమాట.

ఈ లెక్కల్లో చిన్న చిన్న గోతులు ఇంకా ఉన్నాయి. ఇద్దరు కూర్చుంటే జనరేటర్ 45 సెకన్లలో అయిపోతుందనుకుంటారు, నిజానికి సుమారు 53 పడుతుంది. కలిసి చేస్తే ఒక్కొక్కరి వేగం 15 శాతం తగ్గేలా పెట్టారు. దగ్గరున్న జనరేటర్లు వరసగా బాగుచేసుకుంటూ పోతే చివరికి ఒకే మూలనున్న మూడు మిగలొచ్చు. అప్పుడు కిల్లర్ వాటి మధ్య కాపలా తిరిగితే చాలు, మ్యాచ్ అక్కడే బిగుసుకుపోతుంది. మొదటి నిమిషంలో చేసిన పొరపాటుకు పన్నెండో నిమిషంలో శిక్ష పడుతుంది. ఆ రెండింటినీ కలిపి చూడటం కొత్తవాడి తరమా?

ఇంకో సంగతి కూడా ఉంది. మ్యాచ్‌లో సగటున 60 శాతం సర్వైవర్లు చనిపోయేలా తూకం పెడుతున్నామని తయారీదారులే బహిరంగంగా చెప్పారు. సరిజోడీల మధ్య కూడా పది మ్యాచ్‌లకి ఆరింట చావడం మామూలే. ఆట తన పని తను చేస్తుంటే కొత్తవాడు మాత్రం నాకే చేతకాలేదని కుంగిపోతాడు. ఈ ఒక్క ముక్క మొదటి రోజే తెర మీద రాసిపెడితే సగం మంది ఆట మానేయరని నా నమ్మకం.

కొత్త కోడలు, ఉమ్మడి కుటుంబం

2016లో విడుదలైనప్పుడు ముగ్గురు కిల్లర్లు, నలుగురు సర్వైవర్లు ఉండేవారు. తర్వాత ఇంచుమించు మూడు నెలలకొకసారి కొత్త పాత్రలతో ఒక కొత్త అధ్యాయం వస్తూ పోయింది. ఇప్పుడు కిల్లర్లే 35 మందికి పైగా. హాలీవుడ్ నటుడు నికొలస్ కేజ్ కూడా 2023లో తన సొంత పేరుతో, సొంత ముఖంతో సర్వైవర్‌గా చేరాడు. మొదట్నుంచీ ఉన్నవాళ్లకి ఇది మూడు నెలలకొక కొత్త చుట్టంతో పరిచయం. ఇవాళ చేరినవాడు మాత్రం ఉమ్మడి కుటుంబంలోకి వచ్చిన కొత్త కోడలు. ఎవరు ఎవరికి ఏమవుతారో, ఎవరి ముందు ఏ మాట అనకూడదో అన్నీ ఒక్క రోజే తెలియాలి.

'అనకూడని మాటలు' నిజంగానే ఉన్నాయి. పిగ్ అనే కిల్లర్ సర్వైవర్ తలకి ఇనుప ఉచ్చు బిగిస్తుంది. బిగించగానే టైమర్ మొదలవదు. ఎవరో ఒక జనరేటర్ పూర్తిచేసినప్పుడు మొదలవుతుంది. మైదానంలో ఉన్న పెట్టెలు వెతికి తాళం తీసుకోవాలి. తోటివాడు తలకి ఉచ్చుతో తిరుగుతుంటే కొత్తవాడు హుషారుగా జనరేటర్ ముగిస్తాడు, అవతల టైమర్ టిక్కుమంటుంది. ప్లేగ్ అనే ఇంకో కిల్లర్ సర్వైవర్ల మీద వాంతి చేసి రోగం అంటిస్తుంది. నీళ్ల తొట్టి దగ్గర కడుక్కుంటే నయమవుతుంది. కడుక్కోవాలనే ఎవరికైనా అనిపిస్తుంది కదా. కానీ మనం మురికి చేసిన తొట్టిని ఆమె తాగి, దూరం నుంచే గాయపరిచే శక్తి తెచ్చుకుంటుంది. అందుకే అనుభవజ్ఞులు చాలాసార్లు రోగంతోనే ఆడేస్తారు. మన శుభ్రతే ఆవిడకి ఆయుధం!

లూప్ చేయడం నేర్చుకున్నాక ఒక రోజు నర్స్ ఎదురవుతుంది. మామూలు నడక 3.85 మీటర్లే, సర్వైవర్ కంటే నెమ్మది. కానీ ఆమె గోడల్లోంచి దూకి వచ్చేస్తుంది. గోడ చుట్టూ తిప్పడమనే విద్యంతా ఆమె ముందు వృథా. నెల రోజులు కష్టపడి నేర్చుకున్నదాన్ని వదిలేయమని చెప్పే కిల్లర్ ఉండటం కొత్తవాడి మీద క్రూరమే. అయితే పాతవాళ్ల చేత ఇన్నేళ్లు ఆడిస్తున్నదీ ఇలాంటి ఎదురుదెబ్బలేనని ఒప్పుకోవాలి.

ఆపైన పర్క్‌లు. ఒక్కొక్కరు నాలుగు చొప్పున తెచ్చుకునే ప్రత్యేక శక్తులు ఇవి. మొత్తం 250 దాటాయి. వంద పర్క్‌ల్లోంచి నాలుగు ఏరుకోవడానికే 39 లక్షల మార్గాలున్నాయి. వినడానికి గుండె ఆగే సంఖ్యే గానీ ఇది కొంచెం ఉత్తుత్తి భయం. నాకు మ్యాచ్‌ల్లో మళ్లీమళ్లీ కనిపించేవి ఓ ముప్పై నలభై. అవి తెలిస్తే బండి నడుస్తుంది.

చిక్కల్లా అవి తెలిసే సమయంలో ఉంది. 'నో వన్ ఎస్కేప్స్ డెత్' అనే పర్క్ ఉంది. జనరేటర్లన్నీ పూర్తయ్యాక అది మేల్కొంటుంది. మామూలుగా సర్వైవర్ పడిపోవాలంటే రెండు దెబ్బలు తినాలి, ఇది మేల్కొన్నాక ఒక్కటే చాలు. కొత్తవాడు పది నిమిషాలు బాగా ఆడి, గేటు ముందు నిలబడి, ఒక్క దెబ్బకి కూలిపోతాడు. మైదానంలో ఎక్కడో ఎముకలు, పుర్రెలతో పేర్చిన ఒక టోటెం వెలుగుతూ ఉంటుందని, దాన్ని పగలగొడితే ఆ శక్తి పోతుందని వాడికెలా తెలుస్తుంది? కిల్లర్ ఏ నాలుగు పర్క్‌లు తెచ్చాడో ఆట ముగిశాక ఫలితాల పట్టికలో చూపిస్తారు. దినం భోజనాలయ్యాక వైద్యుడి చీటీ చేతికందినట్టు.

పర్క్‌లు సంపాదించడం వేరే కథ. ఒక పాత్రకున్న ప్రత్యేక పర్క్ మిగతా పాత్రలకి రావాలంటే మామూలుగా ముందు ఆ పాత్ర మన దగ్గరుండాలి, దాన్ని పెంచాలి. సంస్థ సొంతంగా సృష్టించిన పాత్రల్ని ఆడి సంపాదించిన 'షార్డ్స్' అనే ఆట నాణేలతో కొనొచ్చు, సినిమాల నుంచీ వేరే ఆటల నుంచీ లైసెన్సు మీద తెచ్చుకున్నవాటికి మాత్రం డబ్బు పెట్టాలి. 2022 జులైలో ఈ పెంచే పద్ధతిని బాగా సులువు చేశారు. అంతకుముందు ఆడినవాళ్లు ఆ రోజుల గురించి మొదలుపెడితే, మా తాతయ్య పది మైళ్లు నడిచి బడికెళ్లిన కథలాగే ఉంటుంది.

నోరు లేని నలుగురు

నలుగురు సర్వైవర్లు ఒక జట్టే గానీ, ఆటలో మాట్లాడుకునే సదుపాయం లేదు. స్నేహితులు నలుగురు డిస్కార్డ్ అనే మాట్లాడుకునే యాప్‌లో కూర్చుని "వాడు నా వెనకున్నాడు, మీరు కానిచ్చేయండి" అనుకుంటూ ఆడితే అది ఒక ఆట. ఒంటరిగా చేరి ముక్కూమొహం తెలియని ముగ్గురితో ఆడితే అది ఇంకో ఆట. హుక్కు మీద వేలాడుతూ, ఎవరైనా వస్తున్నారా లేదా అని ఎదురుచూడటంలో ఉన్న టెన్షన్ కిల్లర్ ఎదురైనప్పుడు కూడా ఉండదు. కొత్తవాళ్లలో చాలామంది ఒంటరిగానే చేరతారు. అంటే తక్కువ తెలిసినవాళ్లే, తక్కువ సమాచారంతో ఆడుతున్నారు.

ఇక్కడ మాత్రం తయారీదారులు ఊరికే కూర్చోలేదు. తోటివాళ్లు జనరేటర్ దగ్గరున్నారా, కిల్లర్ ముందున్నారా అని చూపే బొమ్మలు తెర మీదకి తెచ్చారు. 2022 నుంచి హుక్కు దిగినవాడికి కొన్ని సెకన్లు రక్షణ దొరుకుతోంది. కిల్లర్ హుక్కు ముందే నిలబడి కదలకపోతే వేలాడేవాడు తనంతట తాను దిగిపోయే వీలు 2023 చివర్లో వచ్చింది. కంప్యూటరే నడిపే ఆటగాళ్లతో, అంటే బాట్లతో, అభ్యాసం చేసుకోవచ్చు. నైపుణ్యాన్ని బట్టి జత కలిపే పద్ధతి 2021 సెప్టెంబరు నుంచి ఉంది, ఆ అంకె మాత్రం మనకు కనిపించదు. ఇవన్నీ మంచివే. ఇవి కొత్తవాడు నలిగిపోకుండా కాపాడతాయి, ఎందుకు నలిగాడో మాత్రం ఇప్పటికీ చెప్పవు.

2024 జులైలో కొన్నాళ్లపాటు ఇద్దరు కిల్లర్లు, ఎనిమిది మంది సర్వైవర్లతో ఒక పద్ధతి పెట్టారు. అందులో పర్క్‌లు లేవు. వాటి బదులు వైద్యుడు, దారి చూపేవాడు వంటి కొన్ని తరగతులు ఉన్నాయి, ఒకటి ఎంచుకుంటే చాలు. తన పని ఏమిటో మొదటి నిమిషంలోనే తెలిసిపోతుంది. నాకు తెలిసిన కొత్తవాళ్లు ఆ రోజుల్లో ఆడినంత ధీమాగా మామూలు మ్యాచ్‌ల్లో ఎప్పుడూ ఆడలేదు. కిల్లర్లు ఇద్దరయ్యారు, గందరగోళం రెట్టింపైంది, అయినా సులువుగా అనిపించింది! కష్టం కిల్లర్ దగ్గర లేదు, కనిపించని నియమాల దగ్గర ఉందనడానికి నాకు ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

కొత్తవాళ్లను నిలబెట్టుకోవడం ఈ తరహా ఆటలకి ప్రాణసంకటం. మ్యాచ్ మొదలవ్వాలంటే ఐదుగురు కావాలి, అందులో ఒకరు కిల్లర్‌గా ఉండటానికి ఒప్పుకోవాలి. జనం పలచబడితే ఎదురుచూపులు పెరుగుతాయి, కొత్తవాడి మీదకి పాత పులి వచ్చి పడుతుంది, వాడూ వెళ్లిపోతాడు. ఇదే దారిలో 2022లో వచ్చిన 'ఈవిల్ డెడ్: ది గేమ్'కు మరుసటి ఏడాదే కొత్త సరుకు ఆపేశారు.

ఇంత చెప్పి, కొత్తవాడి వైపు నుంచి ఒక మాట చెప్పకపోతే అన్యాయం. ఇది భయపెట్టే ఆట. మరి ఎవరు భయపడుతున్నారు? వెయ్యి గంటలు ఆడినవాడికి గుండె దడ దూరం కొలిచే టేపు. పొగమంచు, కాకుల అరుపు, చెట్టు వెనక ఎర్రటి వెలుగు, ఇవన్నీ వాడికి సమాచారం. కిల్లర్ వచ్చాడని తెలియగానే వాడి చెయ్యి దగ్గరున్న ప్యాలెట్ లెక్కపెడుతుంది, ఒళ్లు జలదరించదు. నేను చివరిసారి ఈ ఆటలో నిజంగా ఉలిక్కిపడింది ఎప్పుడో గుర్తు లేదు. మా వాడు ఆ మూడున్నర నిమిషాల్లో కుర్చీలోంచి రెండుసార్లు లేచాడు. ఆట పేరులో ఉన్న సరుకు పూర్తిగా ముట్టింది వాడికే. నేను ఆడుతున్నది సెకన్ల జమాఖర్చు.

అందుకే, మరీ కష్టమా అని అడిగితే నా జవాబు కాస్త వంకరగా ఉంటుంది. గెలవాలనుకుని వస్తే అవును, మొదటి యాభై గంటలు మరీ కష్టం, అందులో చాలా భాగం అనవసరపు కష్టం. భయపడి నవ్వుకుందామని నలుగురు కలిసి వస్తే, మొదటి రోజే పైసా వసూల్.

మా వాడికి అరగంట చెప్పాక నేను పెట్టించిన పర్క్‌లు మూడు. ఒకటి 'కిండ్రెడ్', హుక్కు మీదున్నప్పుడు ఎవరెక్కడున్నారో నలుగురికీ చూపిస్తుంది. రెండోది 'డేజా వూ', దగ్గరదగ్గరగా ఉన్న మూడు జనరేటర్లు ఏవో చెబుతుంది. మూడోది 'విండోస్ ఆఫ్ ఆపర్చునిటీ', చుట్టుపక్కల కిటికీలు, ప్యాలెట్లు ఎక్కడున్నాయో వెలిగించి చూపిస్తుంది. ఇది కేట్ డెన్సన్ అనే పాత్రది, నా ఖాతాలో ఉంది కాబట్టి సరిపోయింది. గమనిస్తే ఈ మూడూ ఇచ్చేది బలం కాదు. పాతవాళ్ల బుర్రలో ఉన్న పటాన్ని కొత్తవాడి కళ్ల ముందు పరుస్తాయి, అంతే. ఆట చెప్పని పాఠాల్ని పర్క్ గడులు ఖర్చు పెట్టి కొనుక్కోవడమన్నమాట.

మర్నాడు వాణ్ణి కిల్లర్‌గా కూర్చోబెట్టాను. గంట మోగించి మాయమయ్యే రెయిత్‌ని ఇచ్చాను, మొదటిసారికి అది సులువు. లోపలికెళ్లిన నిమిషానికే కుర్చీ ముందుకు లాక్కుని, "అన్నా, ఇవేనా ఆ గీతలు?" అన్నాడు. నేల మీద ఎర్రగా, జనరేటర్ దగ్గర్నుంచి ఓ పాడుబడ్డ గోడ దాకా. వాటి వెంట వెళ్లాడు. గోడ వెనక ఎవరో వంగి, కదలకుండా, తనెవరికీ కనిపించనన్న ధీమాతో కూర్చుని ఉన్నాడు. మా వాడు రెండు క్షణాలు ఆగి చూశాడు.

"పాపం, కొత్తవాడన్నా" అని, కొట్టి, భుజాన వేసుకుని హుక్కు దగ్గరికి బయల్దేరాడు.